పాఠం 14: లడ్డుకు నెలకో మాత్ర

ఈ పాఠంలో
• చదవడం: కుక్కలకు, పిల్లులకు వచ్చే గుండె పురుగు జబ్బు, అది రాకుండా చూసుకునే పద్ధతి
• మాటలు: ఒంటికి, జబ్బుకు సంబంధించిన మాటలు, “గుండె”తో వచ్చే జాతీయాలు
• వ్యాకరణం: వేస్తే, వేయకపోతే, వేసి ఉంటే
• ఎవరికి: తెలుగు చదవడం వచ్చి, చిన్న పేరాలు రాయడం మొదలుపెట్టినవాళ్ళకు

చదవడానికి ముందు
1. మీ ఇంట్లో గాని, మీ స్నేహితుల ఇంట్లో గాని కుక్క లేదా పిల్లి ఉందా? దానికి మందు ఎవరు వేస్తారు?
2. దోమ కుడితే మనుషులకు ఏ జబ్బులు వస్తాయి? రెండు చెప్పండి.
3. దోమ కుడితే కుక్కకు కూడా జబ్బు వస్తుందా? మీరేమనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. పాఠం అయ్యాక మళ్ళీ చూద్దాం.

కొత్త మాటలు
గుండె – ఒళ్ళంతా రక్తాన్ని పంపే అవయవం
ఊపిరితిత్తులు – గాలి పీల్చుకునే అవయవాలు
ధమని – గుండె నుంచి రక్తాన్ని తీసుకెళ్ళే గొట్టం
లార్వా – పురుగు ఇంకా పెద్దది కాని దశ
ఆయాసం – ఊపిరి అందక రొప్పడం
మోతాదు – ఒకసారికి ఎంత మందు వేయాలో ఆ కొలత
నివారణ – జబ్బు రాకముందే ఆపడం
చికిత్స – జబ్బు వచ్చాక నయం చేయడం

చివరి రెండు మాటల తేడా బాగా గుర్తుపెట్టుకోండి. ఈ పాఠమంతా ఆ తేడా గురించే.

పాఠం

1. డబ్బాలో మిగిలిపోయిన మాత్రలు

పిల్లలూ, ఇది మా ఇంట్లో జరిగిన విషయం. మేం గోదావరి జిల్లా నుంచి అమెరికా వచ్చి మూడేళ్ళవుతోంది. టెక్సాస్‌లో, హ్యూస్టన్ దగ్గర ఉంటాం. వచ్చిన మరుసటి ఏడాది వేసవిలో మా పిల్లలు పట్టుబట్టి షెల్టర్ నుంచి ఒక కుక్కను తెచ్చుకున్నారు. పసుపు రంగులో, గుండ్రంగా ముడుచుకుని పడుకుంటాడని లడ్డు అని పేరు పెట్టారు.

వెట్ రక్తపరీక్ష చేసి, గుండె పురుగు లేదని చెప్పారు. నెలకొకటి చొప్పున వేయమని నమిలే మాత్రలు రాసిచ్చారు. ప్రతి నెలా ఒకటో తారీఖున వేసేదాన్ని. అక్టోబర్ 1 దాకా తప్పకుండా వేశాను.

నవంబర్ వచ్చేసరికి సాయంత్రాలు చల్లబడ్డాయి. “చలికాలంలో దోమలెక్కడివి? మార్చిలో మళ్ళీ మొదలుపెడదాంలే, నాలుగు మాత్రల డబ్బులు మిగుల్తాయి” అనుకున్నాను. వెట్‌ని అడగలేదు. నాకు నేనే అనుకున్నాను. మార్చి 1న మళ్ళీ మొదలుపెట్టాను. లడ్డు ఎప్పటిలాగే తింటున్నాడు, బ్యాక్‌యార్డ్‌లో బంతి వెంట పరుగెడుతున్నాడు. అంతా బాగానే ఉందనుకున్నాం.

సెప్టెంబర్‌లో, ఏడాదికోసారి చేయించే రక్తపరీక్షకు తీసుకెళ్ళాం. అక్కడే ఫలితం చెప్పారు. లడ్డుకు గుండె పురుగు ఉంది. నా గుండె గుభేలుమంది.

మా అమ్మాయి నా వైపు చూసి, “అమ్మా, మనం మందు వేస్తున్నాం కదా?” అంది.

వేశాం. కానీ నాలుగు నెలలు వేయలేదు. ఆ మాట దాని ముందు చెప్పడానికి నాకు చాలా కష్టమైంది.

2. దోమ ఏం చేస్తుంది?

గుండె పురుగు సన్నగా, తెల్లగా, ఉడికిన సేమ్యాలా ఉంటుంది. ఆడ పురుగు పెద్దదయ్యాక దాదాపు అడుగు పొడవు పెరుగుతుంది. అంటే మీ స్కూలు స్కేలంత! ఇది ఎక్కువగా ఊపిరితిత్తులకు వెళ్ళే ధమనుల్లో ఉంటుంది. సంఖ్య పెరిగితే గుండె కుడి భాగంలోకి కూడా వస్తుంది. కుక్క ఒంట్లో ఐదు నుంచి ఏడేళ్ళు బతకగలదు.

ఇది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఎలా వెళ్తుంది? వరసగా చూద్దాం.

మొదటి మెట్టు: జబ్బు ఉన్న కుక్కను దోమ కుడుతుంది. రక్తంతో పాటు కంటికి కనబడని పురుగు పిల్లలు దోమ కడుపులోకి వెళ్తాయి. కయోటీలు, నక్కల రక్తంలో కూడా ఇవి ఉండొచ్చు.

రెండో మెట్టు: వాతావరణం వెచ్చగా ఉంటే, దోమ ఒంట్లోనే అవి సుమారు రెండు వారాల్లో ఎదిగి, జబ్బు అంటించగల లార్వాలు అవుతాయి.

మూడో మెట్టు: ఆ దోమ ఇంకో కుక్కను కుడుతుంది. కుట్టిన చోట పడ్డ చిన్న రంధ్రంలోంచి లార్వాలు లోపలికి దూరతాయి.

నాలుగో మెట్టు: చర్మం కింద, కండల్లో కొన్ని వారాలు పెరిగి, తర్వాత రక్తంలోకి చేరి, గుండె వైపు వెళ్తాయి. దోమ కుట్టిన ఆరేడు నెలలకు పెద్ద పురుగులై, మళ్ళీ పిల్లల్ని పెడతాయి.

మధ్యలో దోమ లేకుండా ఈ జబ్బు అంటుకోదు. కాబట్టి కుక్కను ముట్టుకుంటే, ముద్దు చేస్తే, ఒకే గిన్నెలో రెండు కుక్కలు నీళ్ళు తాగితే ఇది రాదు. లడ్డుకు జబ్బు అని తెలిశాక మా పక్కింటివాళ్ళు వాళ్ళ కుక్కను దూరంగా లాక్కెళ్ళారు. మా అబ్బాయే వెళ్ళి ఈ విషయం వాళ్ళకు వివరించి వచ్చాడు.

మొదట్లో కుక్కలో ఏ తేడా కనబడదు. తర్వాత తగ్గని దగ్గు, కొంచెం నడిస్తేనే అలసట, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, ఆయాసం మొదలవుతాయి. బాగా ముదిరితే పొట్ట ఉబ్బుతుంది, ప్రాణం మీదకు వస్తుంది. లడ్డుకు ఇవేవీ లేవు. అందుకే మాకు తెలియలేదు.

3. మాత్ర డాలు కాదు, చీపురు

ఇప్పుడు అసలు విషయం. నేను పొరబడింది ఇక్కడే.

మాత్ర వేస్తే అది ముందుకు ముప్పై రోజులు కాపలా కాస్తుందని నేననుకున్నాను. డాలు పట్టుకున్నట్టు, వచ్చే దోమను ఆపుతుందని. నిజానికి నెలకొకటి వేసే మాత్ర దోమను ఆపదు. గడిచిన నెలలో ఒంట్లోకి వచ్చిన లార్వాలను చంపుతుంది. ఇల్లు ఊడ్చినట్టు అన్నమాట. ఈరోజు ఊడిస్తే ఇప్పటిదాకా పడిన చెత్త పోతుంది, రేపు పడేది పోదు కదా! రేపటిది మళ్ళీ ఊడవాలి.

ఇప్పుడు లెక్క చూడండి. అక్టోబర్ నెలంతా మా ఊళ్ళో దోమలే. అక్టోబర్‌లో లడ్డును కుట్టిన దోమలు వదిలిన లార్వాలను నవంబర్ 1న వేసే మాత్ర చంపాలి. ఆ మాత్ర డబ్బాలోనే ఉండిపోయింది. మార్చి 1న మాత్ర వేసేసరికి ఆ లార్వాల వయసు నాలుగు నెలలు దాటింది. అంత పెరిగినవి నెలవారీ మాత్రకు చావవు.

దోమలు లేవని నేను మానేసిన మాత్ర, దోమలున్న నెల కోసం వేయాల్సిన మాత్ర.

పైగా హ్యూస్టన్‌లో డిసెంబర్‌లోనూ వెచ్చటి రోజులుంటాయి. ఆ రోజుల్లో దోమలు తిరుగుతూనే ఉంటాయి. అందుకే అమెరికన్ హార్ట్‌వార్మ్ సొసైటీ పన్నెండు నెలలూ మందు వేయమని, ఏడాదికోసారి పరీక్ష చేయించమని చెప్తుంది. ఈ జబ్బు 50 రాష్ట్రాల్లోనూ కనబడింది. మెక్సికో సింధుశాఖ తీరంలోనూ, మిసిసిపీ నది వెంబడి ఉన్న రాష్ట్రాల్లోనూ ఎక్కువ. 2005లో కత్రినా తుఫాను తర్వాత అక్కడి కుక్కల్ని ఎన్నో రాష్ట్రాలవాళ్ళు తీసుకెళ్ళి పెంచుకున్నారు. వాటిలో కొన్నిటితో పాటు ఈ పురుగు కూడా ప్రయాణం చేసింది.

నెలకొకటి వేసే మాత్ర ఒక్కటే కాదు, మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందు ఉంది. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి వెట్ ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఉంది. ఏది మంచిదో మీ వెట్ చెప్తారు.

4. పరుగెత్తకూడని నెలలు

నివారణ అంటే నెలకో మాత్ర. మరి చికిత్స అంటే ఏమిటో లడ్డును చూశాక తెలిసింది.

ముందు నెల రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేశాం. తర్వాత ఇంకో నెల ఆగాం. నవంబర్‌లో నడుము దగ్గర కండలోకి లోతుగా ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. అది ఆర్సెనిక్ ఉన్న మందు, చాలా నొప్పి పెడుతుంది. నెల తర్వాత డిసెంబర్‌లో ఒక రోజు ఒకటి, మర్నాడు ఇంకొకటి ఇచ్చారు. మొత్తం మూడు ఇంజెక్షన్లు. ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు. ఆ నాలుగు మాత్రల మీద మిగిలిన డబ్బులు దీని ముందు ఏ మూలకూ రావు.

కానీ అన్నిటికంటే కష్టమైంది వేరే. ఇంజెక్షన్‌తో పెద్ద పురుగులు చచ్చి, ముక్కలై, ఊపిరితిత్తుల రక్తనాళాల్లోకి వెళ్తాయి. అప్పుడు కుక్క పరుగెత్తితే గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆ ముక్కలు రక్తనాళాలకు అడ్డుపడి ప్రాణం పోవచ్చు. అందుకని జబ్బు తెలిసిన రోజు నుంచి, చివరి ఇంజెక్షన్ అయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా పరుగు లేదు, గెంతడం లేదు, బంతి లేదు. లీష్ కట్టి బాత్రూమ్‌కి మాత్రం తీసుకెళ్ళాలి. మిగతా టైమంతా బోనులోనే.

లడ్డుకు ఇవన్నీ ఎలా చెప్తాం? సాయంత్రం స్కూల్ బస్సు చప్పుడు వినగానే తోక ఊపుతూ లేచి నిలబడేవాడు. బోను తలుపు మీద ముందుకాలు పెట్టేవాడు. మా అమ్మాయి గుండె రాయి చేసుకుని, బంతిని బీరువా మీద దాచి, బోను పక్కన కూర్చుని హోంవర్క్ చేసుకునేది. అది చూస్తే నా గుండె తరుక్కుపోయేది.

ఫిబ్రవరిలో మళ్ళీ నెమ్మదిగా నడిపించడం మొదలుపెట్టాం. పురుగులన్నీ పోయాయో లేదో తెలుసుకునే పరీక్ష, చివరి ఇంజెక్షన్ అయిన తొమ్మిది నెలలకు, సెప్టెంబర్‌లో చేస్తారు. ఆ రోజు ఇంకా రాలేదు. ఎదురుచూస్తున్నాం.

5. ఇంట్లో పిల్లి ఉంటే

పిల్లి ఇంట్లోంచి బయటికి వెళ్ళదు కదా అనుకోకండి. దోమ ఇంట్లోకి వస్తుంది కదా! పిల్లి ఒంట్లో పురుగులు ఒకటో రెండో మూడో ఉంటాయి, కానీ అవే చాలు. దగ్గు, ఉబ్బసం లాంటి ఆయాసం, వాంతులు వస్తాయి. ఒక్కోసారి ఏ సూచనా లేకుండానే చనిపోవచ్చు. కుక్కలకు ఇచ్చే ఆ ఇంజెక్షన్ పిల్లులకు పనికిరాదు. అంటే పెద్ద పురుగుల్ని చంపే చికిత్స పిల్లికి లేదు. దానికి నివారణ ఒక్కటే దారి.

సంభాషణ: అమ్మమ్మతో వీడియో కాల్

(ఇద్దరు ఇద్దరుగా చదవండి. అమ్మమ్మ మాటలు గోదావరి యాసలో నెమ్మదిగా పలకండి.)

అమ్మమ్మ: ఏమ్మా బంగారం, తిన్నావా? లడ్డుగాడేడీ?
మనవరాలు: తిన్నాను అమ్మమ్మా. వాడు బోనులో పడుకున్నాడు. పరుగెత్తకూడదంట.
అమ్మమ్మ: బోనులోనా? పాపం, ఏం తప్పు చేశాడే?
మనవరాలు: వాడేం చేయలేదు. దోమ కుట్టింది. గుండె పురుగు జబ్బు వచ్చింది.
అమ్మమ్మ: దోమ కుడితే కుక్కకి జబ్బేంటే! మన వీధి కుక్కలన్నీ దోమల్లోనే పడుకుంటాయి కదా?
మనవరాలు: వాటికి రక్తపరీక్ష ఎవరు చేశారు అమ్మమ్మా?
అమ్మమ్మ: అదీ నిజమేలే. మన ఊళ్ళో బోదకాలు కూడా దోమ వల్లే వచ్చేది. ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి మాత్రలిచ్చి, ఎదురుగా మింగమనేవాళ్ళు.
మనవరాలు: అమ్మ చెప్పింది! బోదకాలు పురుగు, లడ్డు పురుగు చుట్టాలంట. నువ్వు మాత్ర మింగేదానివా?
అమ్మమ్మ: అబద్ధం ఎందుకూ... “నాకే జబ్బూ లేదు, నాకెందుకు మాత్ర” అని ఒకట్రెండు సార్లు పైటకొంగులో దాచేశాను.
మనవరాలు: అమ్మమ్మా! నువ్వూ అమ్మలాగే చేశావా?
అమ్మమ్మ: నేను దానిలాగ కాదే, అదే నాలాగ చేసింది. అమ్మనేం అనకు తల్లీ, అసలే బాధపడుతూ ఉంటుంది. ఇకనుంచి నెలనెలా నువ్వే గుర్తుచెయ్యి.
మనవరాలు: సరే అమ్మమ్మా. ఫ్రిజ్ మీద కాలెండర్ పెట్టాను.

మీకు తెలుసా?
• కొన్ని పురుగులు దోమ ఒంట్లో పెరుగుతాయని ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు 1877లో చైనాలో చూశాడు. అది బోదకాలు పురుగు.
• రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు.
• అమ్మమ్మ చెప్పిన బోదకాలు మాత్రల్లో డీఈసీ అనే మందు ఉంటుంది. ఒకప్పుడు అమెరికాలో కుక్కలకు గుండె పురుగు రాకుండా అదే మందును రోజూ వేసేవాళ్ళు. నెలకొకసారి వేసే ఐవర్‌మెక్టిన్ మాత్ర 1987లో వచ్చింది.
• ఐవర్‌మెక్టిన్‌కు మూలం జపాన్‌లోని మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి. ఆ పరిశోధనకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

గుండె మాటలు

గుండె గుభేలుమనడం – ఒక్కసారిగా భయం వేయడం
గుండె రాయి చేసుకోవడం – బాధగా ఉన్నా, చేయక తప్పని పని చేయడం
గుండె తరుక్కుపోవడం – ఇంకొకరి బాధ చూసి చాలా బాధ కలగడం
గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవడం – ఏ దిగులూ లేకుండా ఉండడం

మొదటి మూడూ పాఠంలో ఎక్కడున్నాయో వెతికి గీత గీయండి. నాలుగోది పాఠంలో లేదు. సెప్టెంబర్ పరీక్షలో పురుగు లేదని తెలిస్తే అప్పుడు రాస్తాను!

వ్యాకరణం: వేస్తే, వేయకపోతే, వేసి ఉంటే

మాత్ర వేస్తే లార్వాలు చస్తాయి. (ఇంకా చేయవచ్చు)
మాత్ర వేయకపోతే లార్వాలు పెరుగుతాయి. (ఇంకా జాగ్రత్తపడవచ్చు)
నవంబర్‌లో మాత్ర వేసి ఉంటే లడ్డుకు జబ్బు వచ్చేది కాదు. (అయిపోయింది, ఇప్పుడు మార్చలేం)

మొదటి రెండు వాక్యాలు ముందు జరగబోయేదాని గురించి. మూడోది జరిగిపోయినదాని గురించి. పశ్చాత్తాపం చెప్పాలంటే తెలుగులో “-ఇ ఉంటే ... -ఏది కాదు” అని వాడతాం.

అభ్యాసం

అ) ఖాళీలు పూరించండి.
1. ఏడాదికోసారి పరీక్ష ______ (చేయించు) జబ్బు త్వరగా తెలుస్తుంది.
2. దోమ ______ (కుట్టు, వ్యతిరేకం) ఈ జబ్బు రాదు.
3. నేను వెట్‌ని ______ (అడుగు, జరిగిపోయినది) ఈ పొరపాటు జరిగేది కాదు.

ఆ) లెక్క చేయండి.
లడ్డుకు ఆఖరి మాత్ర అక్టోబర్ 1న వేశాం. అక్టోబర్ 20న దోమ కుట్టిందనుకోండి.
1. ఆ లార్వాలను ఏ తేదీ మాత్ర చంపి ఉండేది?
2. మార్చి 1 నాటికి వాటి వయసు ఎన్ని నెలలు?

ఇ) అవునా, కాదా? కాకపోతే సరిచేసి రాయండి.
1. జబ్బున్న కుక్కను ముట్టుకుంటే మన కుక్కకు జబ్బు వస్తుంది.
2. నెలకొకటి వేసే మాత్ర గడిచిన నెల లార్వాలను చంపుతుంది.
3. ఇంట్లోనే ఉండే పిల్లికి గుండె పురుగు రాదు.

ఈ) ఐదు వాక్యాలు రాయండి: మీరు చేసి ఉంటే బాగుండేది అనిపించే ఒక చిన్న పని గురించి. కనీసం ఒక్కసారైనా “-ఇ ఉంటే” వాడండి.

ఇంటి పని

ఒక కాలెండర్ తీసుకుని, ప్రతి నెలా ఒకే తేదీకి తెలుగులో “మాత్ర” అని రాయండి. మీ ఇంట్లో పెంపుడు జంతువు లేకపోతే, ఉన్న స్నేహితుల కోసం చేసి ఇవ్వండి. తర్వాత మీ తాతయ్యకో నానమ్మకో ఫోన్ చేసి, వాళ్ళ ఊళ్ళో దోమల వల్ల ఏ జబ్బులు ఉండేవో అడిగి, మూడు వాక్యాలు రాయండి.

జవాబులు
అ) చేయిస్తే, కుట్టకపోతే, అడిగి ఉంటే
ఆ) నవంబర్ 1; నాలుగు నెలలు దాటింది
ఇ) కాదు; అవును; కాదు

తల్లిదండ్రులకు ఒక మాట

ఒక్క మాత్ర మర్చిపోయినా, “సర్లే, వచ్చే నెల వేద్దాం” అనుకోకుండా వెంటనే వెట్‌కి ఫోన్ చేయండి. మళ్ళీ పరీక్ష ఎప్పుడు చేయించాలో వాళ్ళు చెప్తారు. లార్వా వచ్చిన ఆరు నెలల దాకా పరీక్షలో తెలియకపోవచ్చు. పరీక్ష చేయించకుండా ఎవరో ఇచ్చిన మందు మొదలుపెట్టకండి. జబ్బు అప్పటికే ఉంటే కుక్కకు ప్రమాదం. పశువులకు, గుర్రాలకు అమ్మే ఐవర్‌మెక్టిన్‌ను అందాజాగా కొలిచి వేయకండి. మోతాదు బరువును బట్టి ఉంటుంది, పైగా కోలీ లాంటి కొన్ని జాతుల కుక్కలకు అది ఎక్కువైతే అస్సలు పడదు. వేపాకు పొగ ఈ జబ్బును ఆపదు. వెల్లుల్లి ఆపదు సరికదా, కుక్కకు హాని చేస్తుంది.

మలేషియా లాంటి వేడి దేశాల్లో ఉన్నవాళ్ళకు ఈ పాఠం ఏడాది పొడవునా పనికొస్తుంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు కుక్కను ఇటలీ, స్పెయిన్ లాంటి చోట్లకు తీసుకెళ్ళేముందు వెట్‌ని అడగండి.

మనం పిల్లలకు తెలుగు నేర్పుతున్నాం. నేను చేసిన పొరపాటు నా పిల్లల ముందు తెలుగులోనే ఒప్పుకున్నాను. “వేసి ఉంటే” అనే మాట మా అమ్మాయికి ఆరోజే వచ్చేసింది. మీ పిల్లలు మాత్రం దాన్ని ఈ పుస్తకంలోనే నేర్చుకోవాలని నా కోరిక.